గ్రేట్ డేన్‌కి గుండెకు మంచి ఫుడ్ ఏది? సంచి మీద గుండె బొమ్మ చూసి కొనొచ్చా?

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. మా వాడి పేరు భీముడు. గ్రేట్ డేన్, మగ, నాలుగో ఏడు నడుస్తోంది, బరువు 55 కిలోలు. ఇప్పటిదాకా చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. పొద్దున్నే గట్టు మీద నడక, మధ్యాహ్నం ఫ్యాన్ కింద నిద్ర, తిండి దగ్గర పేచీ అంటే తెలియదు.

టెన్షన్ ఎందుకంటే, వీడితో పాటు ఒకే ఈతలో పుట్టిన ఆడపిల్ల ఒకటి కాకినాడలో ఉండేది. ఈమధ్యే చనిపోయింది. కొన్నాళ్ళు రాత్రిళ్ళు దగ్గిందట, తర్వాత పొట్ట ఉబ్బిందట. పెంచుకున్నాయన అజీర్ణం అనుకున్నారు. చివర్లో స్కాన్ తీస్తే గుండె సాగిపోయి, గోడలు పల్చబడి ఉన్నాయని, దాన్ని డీసీఎం అంటారని చెప్పారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి భీముడు నిద్రలో కాస్త గట్టిగా ఊపిరి తీసినా నేను లేచి కూర్చుంటున్నాను.

ప్రస్తుతం తిండి ఇదీ. పొద్దున పెద్ద జాతి కుక్కల డ్రై ఫుడ్, ఇక్కడ చాలామంది వాడేదే, అందులో బియ్యం, మొక్కజొన్న ఉంటాయి. సాయంత్రం మా అమ్మ వండుతుంది. అన్నం, చికెన్ షాపులో ఇచ్చే మెడలు, కార్జం, కందనకాయలు, చిటికెడు పసుపు, ఉప్పు. ఉప్పు వద్దమ్మా అంటే "చప్పిడి తిండి నువ్వు తింటావా?" అని అడుగుతుంది. రాత్రి ఆవిడ భోంచేసేటప్పుడు పెరుగన్నం ముద్ద ఒకటి వాడికి వెళ్తుంది. అందులో ఆవకాయ ఊట తగిలి ఉంటుందని నా అనుమానం. అడిగితే ఒప్పుకోదు.

పెట్ షాపులో గుండెకు మంచిదంటూ ఒక సంచి చూపించారు. మీద ఎర్రటి గుండె బొమ్మ, 'గ్రెయిన్ ఫ్రీ' (ధాన్యం లేనిది), 'టారిన్ కలిపాం' అని పెద్దక్షరాలు. టారిన్ అంటే గుండెకు కావలసిన ఒక పోషకమట. ఇప్పుడు వాడే దానికి రెట్టింపు ధర. కుక్క తోడేలు జాతి కాబట్టి ధాన్యం పడదని, బియ్యం, మొక్కజొన్నలే గుండెకు చేటని షాపాయన వాదన. వెనక్కి తిప్పి చదివితే చికెన్ తర్వాత వరసగా బఠాణీ, మసూర్ పప్పు, బఠాణీ ప్రొటీన్, బంగాళాదుంప, బఠాణీ పీచు. ఇంకో స్నేహితుడేమో, గుండె జబ్బున్న కుక్కలకి డాక్టర్లు రాసే 'కార్డియాక్' ఫుడ్ ఇప్పట్నుంచే మొదలుపెట్టెయ్, ముందుజాగ్రత్త అంటున్నాడు.

రెండింటిలో ఏది సరైంది? డబ్బు సంగతి ఎలాగోలా చూసుకుంటాను. అమ్మ వంట మొత్తం ఆపమని మాత్రం చెప్పకండి. ఆపితే ఇంట్లో నాకు కూడా అన్నం ఆగిపోతుంది.

నాటుకుక్కే నయం:

మా ఊళ్ళో కుక్కలు గంజి తాగి, చద్దన్నం తిని పద్నాలుగేళ్ళు బతికాయి. వాటికి టారిన్ లేదు, ఎకో అనే గుండె స్కాన్ లేదు. మీరు పెంచేది కుక్కనా, కార్పొరేట్ ఆస్పత్రినా? అమ్మగారు పెట్టింది పెట్టండి, పడి ఉంటుంది.

గోల్డీ వాళ్ళమ్మ (ఫ్రిస్కో, టెక్సాస్):

నాటుకుక్క గారూ, మీ ఊరి కుక్క బరువు 15 కిలోలు, దాన్ని ఎవరూ బొమ్మలా కనిపించాలని తరాల తరబడి దగ్గర చుట్టాల మధ్య సంకరం చెయ్యలేదు. గ్రేట్ డేన్ ఆయుర్దాయమే ఏడు నుంచి పదేళ్ళు. రెండింటికీ పోలిక పెట్టకండి.

గోదారిగట్టు గారూ, ఆ గుండె బొమ్మ సంచి షాపులోనే వదిలేయండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మా ఇంట్లో గోల్డెన్ రిట్రీవర్. 2018 జూలైలో ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. మామూలుగా డీసీఎం రాని జాతుల్లోనూ ఆ జబ్బు కనబడుతోందని, వాటిలో చాలా కుక్కలు తింటున్నది బఠాణీలు, పప్పులు, బంగాళాదుంప ప్రధానంగా వేసిన ఫుడ్ అని. 2019 జూన్‌లో లెక్కలు బయటపెట్టారు. 2014 జనవరి నుంచి 2019 ఏప్రిల్ ఆఖరు దాకా 524 రిపోర్టులు వచ్చాయి. 515 కుక్కలవి, 9 పిల్లులవి. అందులో చెప్పిన ఫుడ్స్‌లో 90 శాతానికి పైగా గ్రెయిన్ ఫ్రీవే, 93 శాతంలో బఠాణీలో పప్పులో ఉన్నాయి. ఎక్కువసార్లు వినబడిన 16 బ్రాండ్ల పేర్లు కూడా పెట్టారు. ఆ వారం మా తెలుగు వాట్సాప్ గ్రూపులో హెచ్ వన్ కబుర్లు కూడా వెనక్కెళ్ళిపోయాయి, అందరూ సంచులు తిప్పి ఫొటోలు పెట్టడమే.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. ఫలానా పదార్థమే గుండెను పాడుచేస్తోందని ఇప్పటికీ రుజువు కాలేదు. కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప ఇంకేమీ ప్రకటించబోమని 2022 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ అంది. అంటే నేరం రుజువూ కాలేదు, కేసు కొట్టేయనూ లేదు. అలాంటప్పుడు రెట్టింపు డబ్బిచ్చి ముద్దాయిని ఇంటికి తెచ్చుకోవడం దేనికి? బియ్యం పడని కుక్కలు ఉండొచ్చు గానీ చాలా అరుదు. వేల ఏళ్ళు మనిషితో ఉండి పిండిపదార్థం అరిగించుకోవడం నేర్చుకున్న జంతువు అది. తోడేలు పేరు చెప్పి అమ్మేవాళ్ళు బఠాణీలు తినే తోడేలును ఎక్కడ చూశారో మరి.

మా వాడి సంగతి. వాడూ అప్పుడు బఠాణీ, పప్పులున్న గ్రెయిన్ ఫ్రీనే తినేవాడు. రక్తపరీక్షలో టారిన్ తక్కువ వచ్చింది, ఎకోలో గుండె ముడుచుకునే బలం తగ్గినట్టు కనబడింది. గుండె డాక్టర్ బియ్యం ఉన్న ఫుడ్‌కి మార్పించి, టారిన్ మాత్రలు రాశారు. నెలలు పట్టింది, కానీ తర్వాతి ఎకోల్లో గుండె మెల్లగా కుదురుకుంది. తిండి మార్పు, మాత్రలు ఒకేసారి జరిగాయి కాబట్టి పుణ్యం ఏ ఒక్కదానికీ కట్టబెట్టను.

ఇక సంచి మీద 'టారిన్ కలిపాం' అనే మాట. పిల్లి తనకి కావలసినంత టారిన్ తయారు చేసుకోలేదు. టారిన్ లేక పిల్లుల గుండెలు సాగిపోతున్నాయని 1987లో బయటపడ్డాకే పిల్లుల ఫుడ్‌లో దాన్ని పెంచారు. కుక్క అలా కాదు, మెథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల నుంచి స్వయంగా చేసుకుంటుంది. గోల్డెన్, న్యూఫౌండ్‌లాండ్ లాంటి కొన్ని జాతుల్లోనే అది తగ్గే గుణం ఎక్కువ. మీ గ్రేట్ డేన్‌కి డీసీఎం వస్తే ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది. టారిన్ కలిపినందువల్ల నష్టం లేదు, కానీ అది వంశాన్ని మార్చదు.

లేబుల్ చదివేటప్పుడు ఒక కిటుకు గుర్తుపెట్టుకోండి. పదార్థాలు బరువును బట్టి వరసగా రాస్తారు. పచ్చి చికెన్‌లో మూడొంతులకు దగ్గరగా నీళ్ళే, అందుకే అది మొదట్లో నిలబడుతుంది. బఠాణీని మాత్రం బఠాణీ, బఠాణీ ప్రొటీన్, బఠాణీ పీచు అని ముక్కలు చేసి రాస్తే ఒక్కొక్కటీ కిందికి జారుతుంది. మీరు రాసిన వరసలో మూడూ ఉన్నాయి. కలిపి చూస్తే చికెన్‌ని దాటినా ఆశ్చర్యం లేదు.

నేను బొమ్మలు చూడను. వెనకవైపు, అమెరికాలో పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు రాసే ఆఫ్కో ప్రకారమో ఐరోపా వాళ్ళ ఫెడియాఫ్ ప్రకారమో ఎదిగిన కుక్కకి ఇది సంపూర్ణ ఆహారం అనే వాక్యం ఉందా అని చూస్తాను. తర్వాత కంపెనీకి మెయిల్ పెట్టి రెండే అడుగుతాను: ఫార్ములా రాసేది పశుపోషణలో పెద్ద చదువు చదివిన ఉద్యోగా, వెయ్యి కేలరీలకు సోడియం ఎంత? ఒక కంపెనీ అంకెతో సహా జవాబిచ్చింది. ఇంకోటి డిస్కౌంట్ కూపన్ పంపింది. ఎవరి ఫుడ్ కొన్నానో చెప్పక్కర్లేదుగా.

మీరు ఇప్పుడు వాడేది బియ్యం, మొక్కజొన్న ఉన్న పెద్ద జాతి ఫుడ్ అంటున్నారు. నా ఓటు దానికే. మిగిలిన డబ్బుతో భీముడికి ఎకో తీయించండి.

గోదారిగట్టు:

అక్కా, చాలా థ్యాంక్స్. బఠాణీ లెక్క నాకు తట్టనే లేదు. ఒక్క డౌట్. మా ఇంట్లో పప్పు లేని రోజుండదు, పప్పన్నం కూడా వాడికి వెళ్తుంటుంది. అది కూడా ముద్దాయేనా?

పశువుల డాక్టర్, తెనాలి:

పప్పు భయం ముందు తీర్చేస్తాను. అమెరికా రిపోర్టుల్లో ఉన్నది బఠాణీ, పప్పులే ప్రధానంగా వేసి చేసిన డ్రై ఫుడ్, అదీ రోజుకి రెండు పూటలా, ఏళ్ళ తరబడి. మీ ఇంటి పప్పులోంచి రెండు చెంచాలు అన్నంలో కలిస్తే దిగులు పడాల్సింది లేదు. మాంసం మానేసి పప్పునే కుక్కకి ప్రొటీన్‌గా పెడితే మాత్రం ఒప్పుకోను. అసలు పప్పు కంటే తాలింపు ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పెడితే తాలింపు పెట్టకముందే తీసి పెట్టండి.

గోల్డీ వాళ్ళమ్మ గారు చెప్పినదాంతో దాదాపు ఏకీభవిస్తాను. కానీ గోల్డెన్ కథను గ్రేట్ డేన్‌కి పూర్తిగా వర్తింపజేయకండి. ఒకే ఈతలో పిల్లకి డీసీఎం వచ్చింది అంటే ఇక్కడ మొదటి ప్రశ్న ఫుడ్ కాదు, గుండె ఇప్పుడు ఎలా ఉంది అన్నది. ఏ సంచీ వంశపారంపర్య డీసీఎంని ఆపలేదు. స్టెతస్కోప్‌లో చప్పుడు తేడా లేకుండా కూడా ఈ జబ్బు ఉండొచ్చు. గ్రేట్ డేన్‌లలో చాలాసార్లు మొదట బయటపడేది గుండె లయ తప్పడం, దాన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. కాబట్టి ఎకోతో పాటు ఈసీజీ తీయించండి, అవసరమైతే ఒక రోజంతా రికార్డు చేసే హోల్టర్. మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ దారిలోనే ఉంది. ఏయే పరీక్షలు ఏ రోజు చేస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. ఇప్పుడు బాగుందని వచ్చినా ఏడాదికోసారి చూపించండి. ఎకోలో మార్పు కనబడితే పిమోబెండాన్ లాంటి మందులున్నాయి. డాబర్‌మన్‌లలో లక్షణాలు బయటపడక ముందే దాన్ని మొదలుపెడితే హార్ట్ ఫెయిల్యూర్ ఆలస్యమవుతుందని 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. ముందుగా తెలుసుకోమని పోరేది అందుకే.

'కార్డియాక్' ఫుడ్ ముందుజాగ్రత్తగా వద్దు. అది జబ్బున్న కుక్కల కోసం ఉప్పు తగ్గించి చేసింది. ఆరోగ్యంగా ఉన్న గుండెకి ఉప్పు మరీ కట్టేస్తే, ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచే హార్మోన్ల వ్యవస్థ అనవసరంగా నిద్ర లేస్తుంది. నేను పాటించే లెక్క ఇది: గుండె బాగున్న కుక్కకి ఉప్పు విపరీతంగా లేకుండా చూసుకుంటే చాలు. గుండె పెద్దదైనట్టు తేలితే 100 కేలరీలకు సోడియం 80 మిల్లీగ్రాములు దాటనివ్వను. ఫెయిల్యూర్ వచ్చాక ఇంకా తగ్గిస్తాను.

మీ అమ్మగారికి ఈ అంకె చూపించండి. 55 కిలోల కుక్కకి రోజుకి సుమారు 2,200 కేలరీలు కావాలి. 80 చొప్పున లెక్కేస్తే రోజంతటికీ 1,760 మిల్లీగ్రాముల సోడియం. ఒక టీస్పూన్ ఉప్పులో ఉండేది దాదాపు 2,300. అంటే రేప్పొద్దున గుండె జబ్బు తేలితే, కూరలో వేసే ఒక్క చెంచాతోనే రోజు కోటా దాటిపోతుంది, డ్రై ఫుడ్‌లో ఉన్నది లెక్కలోకి రాకుండానే. కుక్క నాలుకకి ఉప్పు మన నాలుకకి కావలసినంత అక్కర్లేదు. వాసన బాగుంటే తింటుంది. ఆవకాయ ఊట గురించి నేనేమీ అనక్కర్లేదనుకుంటాను. మాత్ర మింగించడానికి చీజ్ స్లైస్‌లో చుట్టే అలవాటు కొందరికుంది. ఉప్పు అందులోనూ బాగానే ఉంటుంది. ఉడికించిన గుడ్డులోనో అరటిపండు ముక్కలోనో పెట్టండి.

అమ్మగారి వంట ఆపక్కర్లేదు, పాళ్ళు మార్చాలి. ఇప్పుడు సగం తిండి అన్నం, మెడలు, కార్జం. ఉడికించిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి, మెడలు తీసేయండి. కార్జం రోజూ ఎక్కువైతే విటమిన్ ఎ మితిమీరుతుంది. మిగిలిన అన్నం, మాంసంలో క్యాల్షియం, జింక్, అయోడిన్, విటమిన్ ఇ సరిపోవు. ఏడాదిలో తెలియదు, మెల్లగా తెలుస్తుంది. కాబట్టి రెండు పూటలా డ్రై ఫుడ్డే ముఖ్యం, పైన అమ్మగారి ముద్ద. పైన వేసేది మొత్తం కేలరీల్లో పదోవంతు, అంటే 220 దాటకూడదు. రోజు తిండి ఒకేసారి పెట్టొద్దు. లోతు ఛాతీ కుక్క, పొట్ట ఉబ్బి మెలిక పడితే గంటల్లో ప్రాణం పోతుంది. తిన్నాక పరుగులు కూడా వద్దు.

ఒళ్ళు పెరగనివ్వకండి. 48 లాబ్రడార్ల మీద జీవితాంతం జరిగిన అధ్యయనం 2002లో వచ్చింది. పావువంతు తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్ళు, మామూలుగా తిన్నవి 11.2 ఏళ్ళు బతికాయి. గుండెకు మంచి ఫుడ్ అని మార్కెట్లో అమ్మే ఏ సంచీ వెనుకా ఇంత గట్టి సాక్ష్యం నేను చూడలేదు. చేత్తో పక్కటెముకలు తడిమితే తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనబడాలి.

చేపనూనె అడుగుతారని నాకు తెలుసు, అందరూ అడుగుతారు. అందులో పనిచేసేవి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు. గుండె జబ్బున్న కుక్కకి కిలో బరువుకి ఈపీఏ 40, డీహెచ్‌ఏ 25 మిల్లీగ్రాములు అన్నది వాడుకలో ఉన్న మోతాదు. మన మెడికల్ షాపులో దొరికే మామూలు వెయ్యి మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఈపీఏ ఉండేది 180, డీహెచ్‌ఏ 120. భీముడికి లెక్కేస్తే రోజుకి డజను! జబ్బు లేకుండా అన్ని మింగించాల్సిన పని లేదు, విరేచనాలు పట్టుకుంటాయి. వారానికి రెండుసార్లు కవళ్ళు (సార్డైన్ చేపలు) ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం వద్దు, అందులో విటమిన్ ఎ, డి ఎక్కువ.

రాత్రిళ్ళు లేచి కూర్చునేకంటే ఒక పని చేయండి. గాఢనిద్రలో ఉన్నప్పుడు పావు నిమిషం ఊపిరి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. 30 లోపు ఉంటే మీరూ పడుకోండి. పదేపదే 30 దాటుతుంటే, దగ్గు వచ్చినా, నడకలో తూలినా, సొమ్మసిల్లినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

నాటుకుక్కే నయం:

ఉప్పు లెక్క బాగుంది డాక్టర్ గారూ. మనుషులకి కూడా ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. ఎకో విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నా, తోడేలు విషయంలో గోల్డీ అమ్మగారికి నమస్కారం.

గోదారిగట్టు:

డాక్టర్ గారూ, మీ టీస్పూన్ లెక్క అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి నాకు బీపీ అని చెప్పి ఇంత లెక్క ఎప్పుడైనా వేశావా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉప్పు డబ్బా మాత్రం భీముడి గిన్నె దగ్గర్నుంచి లేచిపోయింది. ఆవకాయ విషయం ఇంకా ఒప్పుకోలేదు.

గన్నవరం ఫోన్ చేశాను, శుక్రవారం రమ్మన్నారు. ఫుడ్ పాతదే ఉంచుతున్నాను. మెడలు మానేస్తే అమ్మకి వండడానికి ఏమీ మిగలట్లేదు. చికెన్ షాపాయన గుండెకాయలు విడిగా ఇస్తానంటున్నాడు. వాటిలో టారిన్ ఉంటుందని ఎక్కడో విన్నాను. రోజూ పెట్టొచ్చా, ఎంత?

పశువుల డాక్టర్, తెనాలి:

పెట్టొచ్చు. కోడి గుండెకాయల్లో, తొడ మాంసంలో టారిన్ బాగానే ఉంటుంది, తెల్లటి రొమ్ము మాంసంలో తక్కువ. ఉడికిస్తే టారిన్ నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్ళు పారబోయకుండా, కొవ్వు తేలితే తీసేసి, డ్రై ఫుడ్ మీద పోయండి. ఉప్పు లేని లోటు కూడా ఆ వాసనతో తీరుతుంది. పచ్చివి తూచినప్పుడు వంద గ్రాములు, సుమారు 150 కేలరీలు. పైన అమ్మగారి పెరుగన్నం ఒక చిన్న ముద్ద పడుతుంది. కవళ్ళు పెట్టిన రోజు గుండెకాయలు వద్దు. ఎకో రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి, ఎడమ జఠరిక కొలతలు కనిపించేలా ఫొటో తీయండి.